పెన్షన్ తీసుకుంటూనే మళ్ళీ పాఠాలు: టెక్సస్‌లో నా అనుభవం

డాలస్ పక్కన ఒక బళ్ళో 20 ఏళ్ళు లెక్కలు చెప్పి 2022 మే నెలాఖరున రిటైరయ్యాను. ఆ ఆగస్టు నుంచే మళ్ళీ బడికి వెళ్తున్నాను. పెన్షన్ ఒక్క నెల కూడా ఆగలేదు. ఇక్కడ టీచర్లుగా ఉన్న మనవాళ్ళు ఎప్పుడు కలిసినా దీని గురించే అడుగుతుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: సగం పూట పని బాగుంది, సబ్‌గా (వేరే టీచర్ బదులు) వెళ్ళడం పర్వాలేదు, ఫుల్ టైమ్ జోలికి మాత్రం బాగా ఆలోచించి వెళ్ళాలి.

అసలు మళ్ళీ ఎందుకు వెళ్ళడం అంటే డబ్బు కోసమే, మొహమాటం ఎందుకు. ఇక్కడ పెన్షన్ ఇచ్చేది టీఆర్ఎస్ (పార్టీ కాదు, టీచర్ రిటైర్‌మెంట్ సిస్టమ్). సర్వీసు ఏళ్ళని 2.3తో గుణిస్తే ఎంత శాతం వస్తుందో, అన్నిటికన్నా ఎక్కువ జీతం తీసుకున్న ఐదేళ్ళ సగటులో అంత ఇస్తారు. నా 20 ఏళ్ళకి 46 శాతం. మన ఊళ్ళల్లోలాగా డీఏ ఉండదు. 2024 జనవరిలో పెన్షన్లు పెంచారు గానీ, అది 2020 ఆగస్టు లోపల రిటైరైన వాళ్ళకే. అదీగాక టెక్సస్‌లో చాలా బడి జిల్లాలు (బళ్ళని నడిపే స్థానిక సంస్థలు) టీచర్లకి సోషల్ సెక్యూరిటీ (అమెరికా కేంద్ర ప్రభుత్వ పెన్షన్) కట్టవు. బళ్ళకీ మన అవసరం గట్టిగానే ఉంది. ఈ మధ్య కొత్తగా చేరుతున్నవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి టీచర్ సర్టిఫికెట్టే లేదు.

ఇక రూల్స్. రిటైరయ్యాక ఒక పూర్తి క్యాలెండర్ నెల టెక్సస్‌లో ఏ పబ్లిక్ (ప్రభుత్వ) స్కూల్లోనూ పని చెయ్యకూడదు. ఆ నెలలో పని చేస్తే రిటైర్‌మెంటే రద్దవుతుంది, తీసుకున్న పెన్షన్ వెనక్కి కట్టాలి. ఆ నెల దాటితే సబ్‌గా వెళ్ళొచ్చు, లేదా సగం పూట చెయ్యొచ్చు. ఫుల్ టైమ్ కావాలంటే వరసగా 12 నెలలు ఇంట్లో కూర్చోవాలి. కిటుకంతా ఇక్కడే ఉంది: సగం పూట చేస్తున్నంత కాలం ఆ 12 నెలల లెక్క మొదలే కాదు. మూడేళ్ళు సగం పూట చేసినా సరే, ఫుల్ టైమ్‌కి మారాలంటే ఏడాది ఖాళీగా ఉండాల్సిందే. 2021 జనవరి 1కి ముందు రిటైరైన వాళ్ళకి ఈ గొడవ లేదు. మా పక్క క్లాసులో ఆవిడ 2020లో రిటైరయ్యారు. ఫుల్ జీతం, ఫుల్ పెన్షన్. చూస్తే కడుపు మండుతుంది, నిజం చెప్పాలంటే.

మొదటి ఏడాది సబ్‌గా వెళ్ళాను. సెలవు పెట్టిన టీచర్ బదులు వెళ్తే పర్వాలేదు. ఖాళీగా ఉన్న పోస్టులో మాత్రం 20 రోజులకి మించి సబ్‌గా ఉండకూడదు. ఒక ప్రిన్సిపాల్ "ఇంకో రెండు వారాలు ఉండిపో, ఎవరు చూస్తారు" అన్నాడు. నేను ఉండలేదు. లిమిట్ దాటితే మొదటిసారి వార్నింగ్ లెటర్, రెండోసారి డబ్బు వెనక్కి కట్టడం, మూడోసారి ఆ నెలల పెన్షనే పోవడం. ఇదంతా మన నెత్తి మీదే, ఆయనకేం?

తర్వాత సగం పూటకి మారాను. నెలలో ఒక్కో పనిదినానికి నాలుగు గంటల చొప్పున లెక్క. 22 పనిదినాలుంటే 88 గంటలు. రెండు ఆల్జీబ్రా పీరియడ్లు, ట్యుటోరియల్స్ కలిపితే హాయిగా సరిపోతుంది. టెన్షనల్లా స్టార్ (టెక్సస్ రాష్ట్ర స్థాయి) పరీక్షల సీజన్లోనే. ఇన్విజిలేషన్‌కి రోజంతా కూర్చోబెడతారు, పైగా స్టాఫ్ మీటింగులు. ఏప్రిల్ మూడో వారంలో పేరోల్ ఆవిడ ఫోన్ చేసి, "ఈ నెల నీకింక ఐదు గంటలే ఉన్నాయి, రేపట్నుంచి రాకు" అంది. నాకు నియమం నచ్చింది గానీ, పరీక్ష ముందు పిల్లల్ని వదిలేసి ఇంట్లో కూర్చోవడం నచ్చలేదు. అప్పట్నుంచి ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఏ రోజు గంటలు ఆ రోజే పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

ఇంకో సంగతి. రిటైరైన టీచర్ సగం పూట దాటి పని చేస్తే టీఆర్ఎస్‌కి బడి జిల్లా సర్‌ఛార్జ్ కట్టాలి. జీతంలో 16.5 శాతం, టీఆర్ఎస్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే నెలకి ఇంకో 535 డాలర్లు. ఒకప్పుడు కొన్ని జిల్లాలు దాన్ని టీచర్ జీతంలోంచే లాగేవి. 2021లో చట్టం చేసి అది ఆపారు. అందుకే ఫుల్ టైమ్ ఇంటర్వ్యూలో మన అనుభవాన్ని తెగ పొగిడి ఆఖరికి మనం ఖరీదెక్కువ అని తేల్చేస్తారు. పైగా మళ్ళీ ఎన్నేళ్ళు చేసినా సర్వీసు కలవదు, పెన్షన్ పైసా పెరగదు.

ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా రిటైరైన మా బావగారు ఇవన్నీ విని, "ఇన్ని లెక్కలెందుకమ్మా, మాకు 62 చేశారు, దిగేదాకా పూర్తి జీతం తీసుకున్నాం" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. ఆంధ్రలో 2022 జనవరి నుంచి 62, తెలంగాణలో 2021లోనే 61 చేశారు. కాకపోతే బావగారూ, మీ బళ్ళో ఆ రెండేళ్ళూ కొత్త డీఎస్సీ కుర్రాళ్ళు బయట ఎదురుచూస్తూ కూర్చున్నారు కదా అంటే నవ్వి ఊరుకున్నారు.

మొన్న మేలో మా ప్రిన్సిపాల్ ఫుల్ టైమ్ అడిగింది. ఏడాది ఆగగలిగితే వస్తానన్నాను, తను ఆగలేనంది. ఆగస్టుకి మళ్ళీ సగం పూటకే సంతకం పెట్టాను. ఈసారి పరీక్షల డ్యూటీ వెయ్యకూడదని ముందే రాయించుకున్నాను.