కేలేఅవుట్‌లో లేయర్ల బొమ్మలు: మూడేళ్లు వాడాక

కేలేఅవుట్ అంటే చిప్ నక్షా (లేఅవుట్) చూసే, దిద్దే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఆ నక్షా ఉండే జీడీఎస్ ఫైలు ఎంత పెద్దదైనా చకచకా తెరుస్తుంది. ఇవన్నీ తెలిసినవే. నాకు దాని మీద ప్రేమ పుట్టింది మాత్రం స్క్రిప్టుతో లేయర్ల, అంటే చిప్‌లో ఒకదాని మీద ఒకటి ఉండే పొరల, బొమ్మలు తీయడం దగ్గర.

అంతకుముందు పీజీ క్లాసుకి స్లైడ్లు చేయాలంటే ఒక్కో లేయర్ ఆన్ చేసి, మిగతావి ఆపి, స్క్రీన్‌షాట్ కొట్టేవాణ్ణి. పదో లేయర్‌కి వచ్చేసరికి మౌస్ చక్రం కాస్త కదిలేది. ఇక స్లైడ్లు మారుస్తుంటే చిప్ పక్కకి గెంతేది. ఇప్పుడు పైథాన్‌లో ఇరవై లైన్లు చాలు. ఒక్కో లేయర్‌నే కనిపించేలా చేసి, సేవ్ చేసేటప్పుడు ప్రతిసారీ అదే బాక్సు కొలతలు ఇస్తాను. ట్రాన్సిస్టర్ గేట్లుండే పాలీ పొర మీద తీగలుండే మెటల్ 1, దాని మీద మెటల్ 2 పిక్సెల్ తేడా లేకుండా కూర్చుంటాయి. క్లాసులో చిప్ అంతస్తు అంతస్తుగా లేస్తుంది.

ఇంత సుఖం మరిగాక ఒక రోజు పరువు పోయింది. స్కైవాటర్ అనే చిప్ ఫ్యాక్టరీ 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకేతో (అందరికీ తెరిచి ఉన్న డిజైన్ కిట్) చేసిన చిన్న డిజిటల్ బ్లాకు, మర్నాడే రివ్యూ. నా ల్యాప్‌టాప్ మీద కాకుండా ల్యాబ్ సర్వర్ మీద స్క్రిప్టు నడిపాను. మెటల్ 3 బొమ్మ తెరిచి చూస్తే చక్కగా ఉంది. మిగతావి తెరవకుండానే స్లైడ్లలో పెట్టేశాను. రివ్యూలో పాలీ స్లైడ్ వచ్చింది. పాలీ లేదు. ట్రాన్సిస్టర్లకి కావలసిన మిగతా పొరలు, డిఫ్యూజన్ లేదు, ఎన్‌వెల్ లేదు. వరసలుగా ఖాళీ గళ్ళు, వాటిలో సెల్ పేర్లు. వెనక నుంచి ఒకాయన, "సార్, ఇది చిప్ లేఅవుటా, శంకర్‌పల్లిలో వెంచరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తప్పదుగా.

సంగతేమిటంటే, లేఅవుట్ అంటే సెల్ అనే ముక్కల్లో మళ్లీ సెల్స్; కేలేఅవుట్ మామూలుగా అన్నిటికీ పైనున్న సెల్‌లో ఉన్నదాన్నే గీస్తుంది, లోపలి సెల్స్‌ని వట్టి చట్రాలుగా చూపిస్తుంది. సెల్స్‌ని కలిపే తీగలు, అంటే రూటింగ్ మెటల్, పై సెల్‌లోనే ఉంటుంది కాబట్టి మెటల్ 3 బాగా వచ్చింది. ట్రాన్సిస్టర్లు ఉండేదేమో స్టాండర్డ్ సెల్స్ (ముందే గీసిపెట్టిన చిన్న సర్క్యూట్లు) లోపల. హైరార్కీ మొత్తం, అంటే లోపలి సెల్స్ అన్నీ, చూపించమని నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో టిక్ పెట్టి మర్చిపోయాను. సర్వర్‌లో ఆ సెట్టింగ్ లేదు. స్క్రిప్టులో మ్యాక్స్ హయర్ (max_hier) అని ఒక్క పిలుపు ఉంటే సరిపోయేది. డాక్యుమెంటేషన్‌లో ఉన్న మాటే, చదవనిది నేనే. ఆ మూడు పీఎన్‌జీల సైజూ ఇంచుమించు ఒకటే ఉన్నప్పుడైనా అనుమానం రావలసింది.

"ఇరవై లైన్లు చాలు" అన్నాను కదా, ఇప్పుడవి నలభై అయ్యాయి. లేయర్లని నింపే చుక్కల నమూనా స్క్రీన్ మీద అందంగా ఉంటుంది గానీ, పెద్ద బొమ్మని స్లైడ్‌లోకి కుదిస్తే బూడిద రంగు మసక అవుతుంది. అందుకే అన్నిటికీ నిండు రంగు పెట్టేశాను. డిస్‌ప్లే లేని సర్వర్ మీద నడపడానికి మొదట్లో కాస్త కుస్తీ పట్టాను. కేలేఅవుట్ 0.28 వెర్షన్ నుంచి విండో తెరవకుండానే పైథాన్‌లో వ్యూ తయారు చేసుకోవచ్చు, ఆ టెన్షన్ చాలావరకు తీరింది.

నావి చిన్న బ్లాకులు, పన్నెండు లేయర్లు, పైగా ఓపెన్ పీడీకే. నాకైతే ఇంకేదీ అక్కర్లేదు. కంపెనీలో ఫుల్ చిప్ మీద పనిచేసేవాళ్ల లెక్క వేరు. అక్కడ బొమ్మ బయటికి తీయడానికే అనుమతి కావాలి. నా స్క్రిప్టు మాత్రం ఇప్పుడు అన్నిటికన్నా ముందు పాలీ బొమ్మే తీస్తుంది, అది తెరిచి చూశాకే మిగతావి.