అడిక్షన్ సైన్స్ పీజీ ఆన్‌లైన్‌లో చేయిస్తామనే బెంగళూరు బీటీఎం వాళ్ళకి ఒక్క రూపాయి కూడా కట్టకండి

నిన్న సాయంత్రం వాళ్ళ ఆఫీసు నుంచి వచ్చాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక రాయమని మా ఆయన అంటున్నాడు గానీ, నేను ఆగిన ఈ ఒక్క పూటలో ఇంకెవరో వాళ్ళకి ఫీజు కట్టేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

బీటీఎం రెండో స్టేజీ వాళ్ళ గురించే. పేరు పెడితే లాయర్ నోటీసు పంపిస్తామని నిన్ననే చెప్పారు, కాబట్టి పెట్టను. బెంగళూరులో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ‘వర్కింగ్ ప్రొఫెషనల్స్‌కి ఫారిన్ పీజీ’ అని నీలం రంగు పోస్టరు ఎవరు తిప్పుతుంటారో మీ అందరికీ తెలుసు. వాళ్ళే.

నాది కదిరి దగ్గర పల్లె. అనంతపురంలో ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేశా. ఆరేళ్ళుగా ఇక్కడ తాగుడు, మత్తు మాన్పించే ఒక డీఅడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్ని. జీతం 27,000. ఉద్యోగం మానకుండా ఈ విషయం మీద సరైన పీజీ చదవాలన్నది నా కోరిక. అలాంటి చదువు అసలు ఎక్కడుంది, ఎలా నమ్మావు అని ఇప్పటికే ముగ్గురు అడిగారు. అలాంటిది నిజంగానే నడిచింది. లండన్ కింగ్స్ కాలేజ్, ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీ, అమెరికాలో వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ మూడూ కలిసి అడిక్షన్ స్టడీస్‌లో పీజీని దూరవిద్యలోనే నడిపాయి. మెదడులో జరిగేదేమిటి, మందులెలా పనిచేస్తాయి, ప్రభుత్వాల విధానాలేమిటి, అన్నీ కలిపి చెప్పే చదువు అది. ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అడిక్షన్ సైకియాట్రీలో డీఎం కోర్సు ఉంది, కానీ అది డాక్టర్లకి. రోజూ హోసూరు రోడ్డు మీద బస్సులో నిమ్హాన్స్ గేటు దాటి పోతూ, నాలాంటి సోషల్ వర్క్ వాళ్ళకి దారి ఎక్కడుందా అని చూసుకునేదాన్ని. ఆ ఆశే వాళ్ళకి దొరికింది.

ఫోన్ చేసిన అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. మాట వినగానే మనోడే అనిపించింది. ‘యా ఊరక్కా మీది? కదిరా? మాది ముదిగుబ్బ అక్కా’ అన్నాడు. నేను ముందు ఇండియాలోనే ఏదైనా దూరవిద్య కోర్సు చూస్తానన్నా. దానికి వాడు చెప్పింది అబద్ధం కాదు, అదే నన్ను ముంచింది. సైకాలజీతో సహా ఆరోగ్యానికి సంబంధించిన కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేసింది కదా. ‘చూడక్కా, ఇక్కడ తలుపు మూసేసినారు, అందుకే ఫారిన్ డిగ్రీ’ అన్నాడు. నేను వెతికి చూస్తే ఆ వార్త నిజమే. ఒక మాట నిజమైతే మిగతావీ నిజమే అనుకున్నా. లండన్‌లో పేరున్న యూనివర్సిటీ ఎమ్మెస్సీ, 18 నెలలు, ప్రాక్టికల్స్ నిమ్హాన్స్‌లో అన్నాడు. మొత్తం 1,85,000.

ఆలోచించి చెబుతానన్నా. అప్పుడడిగాడు, ‘ఈ సబ్జెక్టే ఎందుకక్కా, హెచ్ఆర్ చేస్తే జీతం ఎక్కువ వస్తుంది కదా’ అని. నేను చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అరగంట చెప్పాను.

మా చిన్నాయన ఇరవయ్యేళ్ళు తాగినాడు. మంచి మనిషి. నన్ను సైకిల్ మీద బడికి దింపింది ఆయనే. ఒక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని, ఆ పూట నుంచే చుక్క ముట్టలేదు. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. మర్నాటికే చేతులు వణికాయి, చలి అనుకున్నారు. రెండో రాత్రి గోడ మీద తేళ్ళు పాకుతున్నాయని కేకలు పెట్టాడు, గాలి సోకిందన్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. మాల వేసుకుని తప్పు చేసుంటాడని, అందుకే స్వామి శిక్షించాడని ఊళ్ళో అన్నారు. మా పిన్ని ఆ మాట ఇప్పటికీ మోస్తోంది. సెంటర్లో చేరిన ఏడాదికి గానీ నాకు తెలియలేదు, ఆయన ఏ తప్పూ చేయలేదని. ఏళ్ళ తరబడి రోజూ తాగే శరీరానికి ఉన్నట్టుండి సారా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి లేనివి కనిపించే డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందు ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ రావాలి. థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్ ఇవ్వాలి, అదీ గ్లూకోజ్ ఎక్కించకముందే. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి ఉంటే మా చిన్నాయన బతికేవాడు.

ఇదంతా వాడికి చెప్పి ఏడ్చాను. అటు నుంచి వాడి గొంతు కూడా బొంగురుపోయినట్టు వినిపించింది. ‘అట్లాంటోళ్ళ కోసమైనా మీరు చదవాలక్కా’ అన్నాడు. ఆ రాత్రే చీటీ పాడిన డబ్బులో 25,000 ఫోన్‌పే చేసేశా.

మిగతా 1,60,000 నెలకి 8,900 చొప్పున ‘వాయిదాలు’ అన్నారు. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పాను. అవి వాయిదాలు కావు, నా పేరు మీద తీసిన లోను. డబ్బంతా మొదటి వారంలోనే వాళ్ళకి చేరిపోయింది. కోర్సు ఉన్నా లేకపోయినా ప్రతి నెలా 5వ తారీఖున నా ఖాతాలోంచి కోసుకుంటారు. ఇప్పటికి ఐదు నెలలు కోశారు.

క్లాసులు లేవు. మొదటి నెల రెండు జూమ్ మీటింగులు, రెండింట్లోనూ చదువు ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పారు. తర్వాత పీడీఎఫ్‌లు. వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు కన్నా ఇదే నన్ను భయపెట్టింది. తాగుడు ఏ స్థాయిలో ఉందో కొలిచే ఆడిట్ అనే ప్రశ్నావళి ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థది. 10 ప్రశ్నలు, మొత్తం స్కోరు 40. మా సెంటర్లో చేరేవాళ్ళందరికీ మొదటి రోజే అడుగుతాం. వాళ్ళ పీడీఎఫ్‌లో ఆరు ప్రశ్నలే ఉన్నాయి, స్కోరు 20కి లెక్కేశారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది, అదంటే పేషెంటుని ప్రోత్సహిస్తూ మాట్లాడటం అని రెండు లైన్లు రాసి వదిలేశారు. 1983లో అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ దాన్ని మొదట రాసినప్పటి నుంచీ అది చెప్పేది వేరు. మానాలనే మాట కౌన్సెలర్ నోట్లోంచి కాదు, తాగే మనిషి నోట్లోంచి రావాలి, ఆ మాట వచ్చేదాకా మనం వినాలి. ఇది నేర్చుకోవడానికే నాకు మూడేళ్ళు పట్టింది.

ఇక మూడో మాడ్యూల్, పదకొండో పేజీ. ‘పేషెంటు దృఢ సంకల్పంతో ఒక్కసారిగా మద్యం పూర్తిగా మానేయాలి. వణుకు వస్తే నిమ్మరసం, మజ్జిగ ఇవ్వాలి. ఇది సాధారణమే, భయపడనక్కర్లేదు.’ అంతే రాసుంది. ఫిట్స్ గురించి ఒక్క మాట లేదు, ఆసుపత్రి మాట అసలే లేదు. ఇది పీజీ పాఠమంట. ఇది చదివి పాసైనవాళ్ళు రేపు ఏదో ఒక సెంటర్లో కూర్చుని మా చిన్నాయన లాంటి వాడికి ఇదే చెబుతారు. నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

మా డాక్టర్ మేడమ్‌కి చూపించా. ఆవిడ చదివి, ‘ఇది ఎవరు రాశారు?’ అని మాత్రం అడిగింది. ఆ రాత్రే లండన్ యూనివర్సిటీ అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టా. మూడో రోజు జవాబొచ్చింది. అలాంటి కోర్సు మాకు లేదు, ఇండియాలో ఆ పేరుతో మాకు ఏజెంటూ లేరు, మీ పేరు మా విద్యార్థుల్లో లేదు. అప్పుడు నా ఐడీ కార్డు తీసి సరిగ్గా చూశాను. యూనివర్సిటీ పేరులో ఒక్క మాట తేడా. ఐదు నెలలుగా నా పర్సులోనే ఉంది, ఒక్కసారీ అక్షరం అక్షరం చదవలేదు. నిమ్హాన్స్ ప్రాక్టికల్స్ కూడా అబద్ధమే, అక్కడ ఎవరితోనూ వీళ్ళకి ఏ ఒప్పందమూ లేదు.

నిన్న సెలవు పెట్టి వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. నాతో ఫోన్లో మాట్లాడిన అబ్బాయే ఎదురుగా కూర్చున్నాడు. ‘అక్కా’ పోయింది, ‘మేడమ్’ వచ్చింది. మెయిల్ చూపించాను. చదవలేదు. ‘మీ పేమెంట్లు క్లియర్‌గానే ఉన్నాయి మేడమ్, చూడండి’ అని కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

నా పేరు, ఫోన్ నంబరు, కట్టిన తేదీలు. ఆ వరుస చివర ‘రిమార్క్స్’ అని ఒక గడి. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: ‘అంకుల్ డెత్, ఆల్కహాల్. క్రైయింగ్ ఆన్ కాల్. ఈఎంఐ ఓకే. క్లోజ్ టుడే.’

పక్కన మిగతావాళ్ళ వరుసలు. ‘హజ్బెండ్ డ్రింకర్.’ ‘బ్రదర్ గాంజా, స్కేర్డ్.’ ఇంకా కింద చాలా ఉన్నాయి. అందరూ నాలాగే ఎవరినో ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళో, పోగొట్టుకుంటామని భయపడుతున్నవాళ్ళో. వాళ్ళ కన్నీళ్ళకి ఒక గడి కట్టి, పక్కన డబ్బు అంకె వేశారు.

‘ఇదేంటి?’ అని అడిగా. వాడు స్క్రీన్ వెనక్కి తిప్పేసుకున్నాడు. లోపల్నుంచి మేనేజరు వచ్చాడు, ఆయనా మన తెలుగువాడే. ‘అది మా ఇంటర్నల్ డేటా మేడమ్, మీరు చూడకూడదు’ అన్నాడు. మా చిన్నాయన చావు వాళ్ళ ఇంటర్నల్ డేటా అట. డబ్బు వాపసు ఇవ్వమన్నాను. నాన్ రిఫండబుల్ అని మీరే సంతకం పెట్టారన్నాడు. పాఠాల్లో తప్పులున్నాయి, మనుషులు చచ్చిపోతారు అన్నాను. అప్పుడన్నాడు ఆ మాట: ‘మీరు చూసేది తాగుబోతుల్ని కదా మేడమ్. వాళ్ళొచ్చి మీ సర్టిఫికెట్ అడుగుతారా?’

నేను ఏమీ అనలేకపోయాను. ముదిగుబ్బ అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ మాటకి జవాబు నాకు రాత్రి దొరికింది, ఇక్కడ రాస్తున్నా. అడగరు. వాళ్ళు అడగలేరు కాబట్టే మనకి చదువు ఉండాలి. కేంద్రం ఎయిమ్స్ వాళ్ళతో చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికిందని తేలింది. అంత కష్టం మీద మా గుమ్మం దాకా వచ్చిన ఆ ఒక్క మనిషికి నిమ్మరసం ఇచ్చి కూర్చోబెట్టమంటాడా?

తప్పు నాలోనూ ఉంది, దాచను. పేషెంటు నిజం చెబుతున్నాడో లేదో కళ్ళు చూసి పట్టే పని నాది. ఫోన్లో మన యాస వినగానే ఆ పని మానేశాను. మా ఆయన ఒకసారి చదువుదామే అన్న కాగితం చదవకుండా సంతకం పెట్టాను. లోను వివరాలన్నీ రాసి ఇచ్చేవాళ్ళు ముందుగా చూపించాల్సిన కాగితం, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, నా మెయిల్‌లోనే ఉంది, మొన్న తెరిచాను.

చేరాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఇండియాలోని యూనివర్సిటీ దూరవిద్య అయితే యూజీసీలో దూరవిద్యని చూసే విభాగం డెబ్, దాని పోర్టల్లో ఆ కోర్సు ఉందో లేదో మీరే చూడండి, డెబ్ ఐడీ కూడా మీరే తీసుకోవాలి, ఏజెంటుకి ఇవ్వకండి. దూరవిద్యని ఫ్రాంచైజీకి ఇవ్వడం నిబంధనలకే విరుద్ధం. విదేశీ కోర్సు అయితే డబ్బు కట్టకముందే ఆ యూనివర్సిటీకి నేరుగా మెయిల్ పెట్టండి, నేను ఐదు నెలలు ఆలస్యంగా పెట్టాను. డీఅడిక్షన్‌లో పనిచేసేవాళ్ళకి నిమ్హాన్స్ ఆన్‌లైన్‌లో కేసులు చర్చించే శిక్షణలు నడుపుతుంది, వివరాలు వాళ్ళ సైట్లోనే చూసుకోండి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, మోసం జరిగి గంటలే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా ఫీజు లేదు, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. నేను సోమవారం వేస్తున్నా. ఆ స్క్రీన్ మీద వరుసల్లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే నాకు రాయండి, కలిసి వేద్దాం.

ఇంకొక్క మాట. ఆ పీడీఎఫ్‌లు మీ దగ్గరుంటే కేసు కోసం ఒక కాపీ ఉంచుకోండి, కానీ మూడో మాడ్యూల్ పదకొండో పేజీ ఎవరికీ పంపొద్దు. ఎవరికైనా ఇప్పటికే పంపి ఉంటే, వాళ్ళింట్లో రోజూ తాగే మనిషి ఉంటే, ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి: ఇంట్లో ఉంచి ఒక్కసారిగా మాన్పించొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళమని. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేయమనండి.