డాలస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు కారులో: ఐ-10 మేలా, ఐ-40 మేలా?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలలో మే నెల వచ్చేసరికి ఒకే చర్చ మొదలవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు, పిల్లలకు సెలవులు దగ్గరపడతాయి, కాలిఫోర్నియాలో పెదనాన్న కొడుకో మేనత్త కూతురో ఉండనే ఉంటారు. ఆరుగురికి విమానం టికెట్లు లెక్క వేసి చూసుకున్నాక, కారులోనే వెళ్దాం, దారిలో నాలుగు చోట్లు చూసినట్టూ ఉంటుందని తేలుస్తారు. అప్పుడు వస్తుంది అసలు ప్రశ్న. పడమటి వైపు వెళ్ళే దారులు రెండు (పేర్లలో ఐ అంటే ఇంటర్‌స్టేట్, రాష్ట్రాలను కలిపే పెద్ద రహదారి). ఐ-20 ఎక్కి, పేకోస్ దాటాక ఐ-10లో కలిసి, ఎల్ పాసో, టూసాన్, ఫీనిక్స్ మీదుగా సాగేది దక్షిణపు దారి. ఫోర్ట్ వర్త్ నుంచి 287వ నంబరు రోడ్డు పట్టుకొని అమరిల్లో చేరి, అక్కడ ఐ-40 ఎక్కి ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్, బార్‌స్టో మీదుగా వెళ్ళేది ఉత్తరపు దారి.

దూరం చూసి తేల్చుకుందామంటే కుదరదు, ఎందుకంటే రెండూ ఇంచుమించు 1,440 మైళ్ళే. చక్రం తిప్పే సమయం ఇరవై ఒకటి, ఇరవై రెండు గంటలు. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న కారైతే మూడు పగళ్ళు, రెండు రాత్రులు. మేము దక్షిణపు దారిన ఒకసారి డిసెంబరులో, ఒకసారి జూలైలో వెళ్ళాము; ఉత్తరపు దారిన రెండుసార్లు జూన్‌లోనే వెళ్ళాము. చూడదగినవి ఏ దారిలో ఎక్కువ అని అందరూ ముందుగా అడుగుతారు గానీ, ఆ ప్రశ్న తర్వాతిది. బయలుదేరేది ఏ నెలలో, వెనక సీటులో కూర్చునేది ఎవరు అన్నవి ముందు అడగవలసినవి.

ఎండ సంగతే చూద్దాం. రెండు దారులూ ఎడారిలోంచే వెళ్తాయి, కానీ ఒకే ఎత్తులో వెళ్ళవు. ఐ-40 ఆల్బకర్కీ దగ్గరకే 5,000 అడుగులు దాటుతుంది, ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర దాదాపు 7,000 అడుగులకు చేరుతుంది. అక్కడ చుట్టూ పైన్ చెట్ల అడవి. జూన్ సాయంత్రం పిల్లలకు స్వెటర్లు తీయవలసి వచ్చింది. ఐ-10 అందుకు భిన్నంగా టూసాన్ నుంచి కిందికి దిగుతూ, సుమారు 1,100 అడుగుల ఎత్తున్న ఫీనిక్స్ దాటి, కొలరాడో నది ఒడ్డున బ్లైత్ దగ్గర మూడు వందల అడుగుల లోపుకు వస్తుంది. ఫీనిక్స్‌లో 2023లో వరుసగా 31 రోజుల పాటు 110 డిగ్రీలు, అంతకు పైన నమోదయింది. 2024లో వరుసగా 113 రోజులు పగటి వేడి 100 డిగ్రీలకు తగ్గలేదు. ఇవి ఫారెన్‌హీట్ లెక్కలు. మన లెక్కలో 110 అంటే 43కు పైమాటే. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం మాకేమిటని మా మామగారు అన్నారు గానీ, అక్కడ మిట్టమధ్యాహ్నం అరుగు మీద నీడన కూర్చునే మనిషి, ఇక్కడ అదే వేళ పెట్రోలు బంకు తారు మీద నిలబడవలసి వస్తుంది.

ఉత్తరపు దారిలో ఎండ లేదని కాదు. కింగ్‌మన్ దాటాక కొండ దిగి నీడిల్స్ చేరితే, అది అమెరికాలో అతి వేడి ఊళ్ళలో ఒకటి, అక్కడి నుంచి బార్‌స్టో దాకా మొహావీ ఎడారి. అయితే ఆ మండే భాగం కింగ్‌మన్ నుంచి లెక్కించినా సుమారు 200 మైళ్ళు. దక్షిణపు దారిలో టూసాన్ నుంచి పామ్ స్ప్రింగ్స్ దాటేదాకా అలాంటిది 400 మైళ్ళు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో తెల్లవారుజామున నాలుగింటికే లేచి బయలుదేరితే, ఎండ ముదరకముందే మొహావీలో చాలా భాగం దాటవచ్చు. దక్షిణాన ఆ ఉపాయం పారదు, ఎందుకంటే పొద్దున్నే ఎంత తొందరగా లేచినా ఏదో ఒక పూట ఎండను కారులో భరించవలసిందే.

జూలై ప్రయాణంలో మాకు తగిలిన దెబ్బ కూడా ఎండ వల్లనే. ఫీనిక్స్ శివార్లలో భోజనానికి ఆగినప్పుడు మా మామగారి ఇన్సులిన్ సంచి వెనక సీటులోనే ఉండిపోయింది. తలుపులు మూసిన కారులో ముప్పావు గంట. వాడుకలో ఉన్న ఇన్సులిన్‌ను 86 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచకూడదు. ఆ కారులో సీటు బెల్టు బకిల్ ముట్టుకుంటే చేయి కాలింది. ఆ మందు పనికివస్తుందో రాదో తేల్చుకోలేక, కొత్తది సంపాదించేసరికి సాయంత్రమయింది. అప్పటి నుంచి మందుల సంచి మనిషితో పాటే దిగుతుంది, ఐసు డబ్బాలో మంచుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి ఉంటుంది.

దక్షిణపు దారిలో మరొక భయం దుమ్ము. అరిజోనాలో వానల కాలాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా లెక్కిస్తారు. ఆ రోజులలో ఉరుముల మేఘం కూలినప్పుడు లేచే దుమ్ము, దూరం నుంచి గోధుమరంగు గోడలాగా కదిలివస్తుంది. న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గరి ఎండిన చెరువు, అరిజోనాలో టూసాన్, ఫీనిక్స్‌ల మధ్య పికాచో శిఖరం పరిసరాలు ఇందుకు పేరుమోసినవి. ఆ గోడ మీదికి వచ్చినప్పుడు అక్కడి అధికారులు చెప్పే పద్ధతి మన అలవాటుకు పూర్తిగా ఎదురు: కారును రోడ్డు మీది నుంచి బాగా పక్కకు దించి, హజార్డ్ లైట్లతో సహా అన్ని దీపాలూ ఆర్పి, పార్కింగ్ బ్రేకు వేసి, కాలు బ్రేకు పెడల్ మీది నుంచి తీసెయ్యాలి. ఎర్రదీపం వెలుగుతుంటే, వెనక వచ్చేవాడు ముందు కారు కదులుతోందనుకొని దాన్నే పట్టుకొని వచ్చి గుద్దేస్తాడు. ఈ ఒక్క సంగతి బయలుదేరేముందు డ్రైవింగ్ చేసే ఇద్దరికీ తెలిసి ఉండాలి.

ఇంతవరకూ ఉత్తరపు దారికే మార్కులు పడ్డాయి, కానీ ఎత్తు అందరికీ పడదు. గుండె జబ్బో, ఆయాసమో ఉన్నవారికి 7,000 అడుగుల దగ్గర నాలుగు మెట్లు ఎక్కినా ఊపిరి అందకపోవచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంది. డాక్టరును అడిగి, రాత్రి మకాం ఫ్లాగ్‌స్టాఫ్‌కు బదులు కింగ్‌మన్‌లో పెట్టుకోవచ్చు. ఇక డిసెంబరులో ఆ దారి వేరే లోకం. ఫ్లాగ్‌స్టాఫ్‌లో చలికాలమంతా మంచు బాగా పడుతుంది, మంచు తుఫాను వస్తే ఐ-40ను గంటల తరబడి మూసివేస్తారు, మంచు రోడ్డు మీద నడిపిన అనుభవం డాలస్‌లో ఎవరికీ అబ్బదు. అదే డిసెంబరులో టూసాన్ పగలు హాయిగా ఉంటుంది; చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా ఉండే సగ్వారో కాక్టస్‌ల మధ్య మా పిల్లలు చొక్కాల మీదే తిరిగారు.

చూడదగినవాటికి వస్తే, గ్రాండ్ కాన్యన్ ఉన్నది కాబట్టి ఉత్తరమే గెలుస్తుందని అందరూ అంటారు. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి అక్కడికి 80 మైళ్ళు, అంటే ఒక పూర్తి రోజు కేటాయించాలి. దానికంటే పెద్దవాళ్ళకు నచ్చింది దారి పక్కనే ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్. ఇరవై కోట్ల ఏళ్ళకు పూర్వపు చెట్లు రాళ్ళయిపోయి, ఎవరో రంపంతో కోసి పేర్చిన దుంగల్లా పడి ఉంటాయి. నిజానికి ఎవరూ కోయలేదు. చెక్క స్థానంలో చేరిన స్ఫటికం పెళుసుది కాబట్టి అలా తెగినట్టు విరిగింది. మా నాన్నగారు ఒక దుంగ మీద అరచేయి ఆన్చి, బెరడు గీతలు వేలితో తడిమి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఐ-40 ఆ పార్కు మధ్యలోంచే పోతుంది కాబట్టి చుట్టు తిరిగే పనిలేదు. విన్స్‌లో దాటాక ఉల్క పడ్డ గొయ్యి ఉంది, టికెట్టు పెట్టి చూడవచ్చు, గంట చాలు.

దక్షిణాన దీనికి సాటి వైట్ శాండ్స్ అనే తెల్ల ఇసుక తిన్నెలు. ఎల్ పాసో దాటాక వచ్చే లాస్ క్రూసెస్ నుంచి పక్కకు సుమారు 50 మైళ్ళు వెళ్ళి, తిరిగి అదే దారిన రావాలి. అక్కడున్నది మామూలు ఇసుక కాదు, జిప్సం అనే తెల్లటి ఖనిజం. ఎండను పట్టుకోదు కనుక జూలైలో కూడా అరికాలు కాలదు. చెప్పులు విడవడానికి జంకిన మా అత్తగారు, ఒక కాలు ఆన్చి చూసి, రెండోది ఆన్చి, పిల్లల కంటే ముందు తిన్నె ఎక్కారు. సాయంత్రం ఐదు తర్వాత వెళితేనే బాగుంటుంది. పక్కనే క్షిపణి పరీక్షల స్థలం ఉన్నందువల్ల ఆ రోడ్డును అప్పుడప్పుడు కాసేపు మూస్తారు కాబట్టి ముందు రోజే చూసుకోవాలి.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి చెప్పాలి. 2026 జనవరి 1 నుంచి జాతీయ పార్కుల వార్షిక పాస్ అమెరికాలో నివసించేవారికి 80 డాలర్లు, బయటి దేశాల నుంచి వచ్చినవారికి 250 డాలర్లు. ఆ పాస్ లేని విదేశీ సందర్శకులు, పదహారేళ్ళు నిండినవారైతే, గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పెద్ద పార్కులలో మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది ఎలా వర్తిస్తుందో వెళ్ళే ముందు పార్కు వెబ్‌సైటులో చదువుకోవడం అవసరం. వైట్ శాండ్స్, టూసాన్ దగ్గరి సగ్వారో పార్కు, పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఆ పదకొండింటిలో లేవు.

కాగితాల విషయంలో దక్షిణపు దారి కొంచెం కఠినం. మెక్సికో సరిహద్దు దగ్గర కాబట్టి, లాస్ క్రూసెస్‌కు పడమరగా ఐ-10 మీద, వైట్ శాండ్స్ నుంచి తిరిగివచ్చే రోడ్డు మీద సరిహద్దు గస్తీవారు కార్లను ఆపి పౌరసత్వం అడుగుతారు. పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 ప్రతి, హెచ్-1బి వారికి ఆమోదపత్రం, గ్రీన్ కార్డు ఉంటే అసలు కార్డు, పెద్దవాళ్ళవి కూడా, చేతికందే సంచిలో ఉండాలి. ఫోనులో ఫోటో ఉందిలే అనుకోకూడదు. ఉత్తరపు దారిన అటువంటి శాశ్వత తనిఖీ కేంద్రాలు లేవు, అయినా ఆ సంచిని ఇంట్లో వదిలి వెళ్ళమని నేను చెప్పను.

కాలిఫోర్నియాలో అడుగుపెట్టే చోట మాత్రం రెండు దారులకూ వ్యవసాయ శాఖ తనిఖీ ఉంది, దక్షిణాన బ్లైత్ దగ్గర, ఉత్తరాన నీడిల్స్ దగ్గర. పండ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. మనవాళ్ళు చిక్కేది పండ్ల దగ్గర కాదు, కరివేపాకు దగ్గర. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసుకొచ్చే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే దాన్ని రానివ్వరు. పెరట్లో పెంచిన కరివేపాకు మొక్కను బంధువులకు కానుకగా తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోవడం మంచిది. ఆవకాయ జాడీకి, కందిపొడికి అభ్యంతరం లేదు.

భోజనం మాటకు వస్తే, మొదటి రోజుకు పులిహోర, రెండో పూటకు చపాతీలు, ఐసు డబ్బాలో పెరుగు, మోటెల్ గదిలో వండుకోవడానికి చిన్న కుక్కరు ఉంటే ఏ దారైనా ఒకటే. కాకపోతే ఐ-40 మీద పంజాబీ లారీ డ్రైవర్లు ఎక్కువగా తిరుగుతారు కాబట్టి, ట్రక్కు స్టాపులలో వేడివేడి పప్పు, రోటీ దొరికే ఢాబాలు అక్కడక్కడా కనిపిస్తాయి. మాంసం ముట్టని పెద్దవాళ్ళకు అది చిన్న సంగతి కాదు.

మొదటి రోజు స్వభావం కూడా తేడానే. దక్షిణాన ఎల్ పాసో దాకా 635 మైళ్ళు, అంతా టెక్సాసే. తెల్లారి బయలుదేరితే పొద్దుగూకినా రాష్ట్రం అయిపోదు, మిడ్‌లాండ్, ఒడెస్సా చుట్టూ చమురు లారీల మధ్య నడపాలి, పిల్లలు ఎప్పుడొస్తుందని అడగడం అబిలీన్ దగ్గరే మొదలుపెడతారు. ఉత్తరాన అమరిల్లో 365 మైళ్ళే, శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు ముగించుకొని బయలుదేరినా రాత్రికి చేరిపోవచ్చు, అంటే సగం రోజు సెలవు మిగులుతుంది. పెట్రోలుకు మాత్రం ఉత్తరాన ముందుచూపు కావాలి. నీడిల్స్‌లో ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, అది దాటితే బార్‌స్టో దాకా ఫెన్నర్, లడ్‌లో వంటి ఒకటి రెండు చోట్లే బంకులు, అందుకని కింగ్‌మన్‌లోనే ట్యాంకు నింపుకోవాలి. దక్షిణపు దారిన వెళ్ళేవారు నది దాటకముందు అరిజోనా వైపే నింపుకుంటే చాలు. రెండు దారులలోనూ మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున నీళ్ళు, గాలి నిండిన స్పేర్ టైరు ఉండాలి. చాలా కొత్త కార్లలో స్పేర్ టైరే ఇవ్వడం లేదు, డిక్కీ కింద చూసుకొని మరీ బయలుదేరండి.

ఫీనిక్స్‌కో లాస్ వేగస్‌కో విమానంలో దిగి, అక్కడ కారు అద్దెకు తీసుకోవడం మూడో పద్ధతి. నాలుగు రోజులే సెలవు ఉన్నవారికి, మోకాళ్ళ నొప్పులతో పది గంటలు కూర్చోలేని పెద్దవాళ్ళకు అదే సరైనది. ఆరుగురికి మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నన్ను అడిగితే, మే నుంచి సెప్టెంబరు దాకా ఐ-40, నవంబరు నుంచి మార్చి దాకా ఐ-10. వేసవిలో దక్షిణాన వెళ్ళక తప్పని కారణం ఒక్కటే నాకు తోస్తుంది, వెనక సీటులోని మనిషికి ఎత్తు పడదని డాక్టరు చెప్పడం. అప్పుడు కూడా టూసాన్‌లో పగలంతా గదిలో పడుకొని, రాత్రి పదింటికి బయలుదేరి, తెల్లవారేసరికి ఇండియో దాటేలా చూసుకుంటాను, ఇద్దరు డ్రైవర్లు ఉంటేనే. ఏప్రిల్, అక్టోబరులలో రెండు దారులూ బాగుంటాయి కనుక, అప్పుడు వెళ్ళగలిగినవాళ్ళు ఒక దారిన వెళ్ళి రెండో దారిన తిరిగిరావచ్చు. మా అత్తగారు వచ్చే ఏడాది మార్చిలోనే వస్తామంటున్నారు, ఆ తెల్ల ఇసుక తిన్నె మళ్ళీ ఎక్కాలట.