స్కాన్ బాగా తీస్తారు, కానీ సీడీ మాత్రం అడిగి తీసుకోండి (తిరుపతిలో సీటీ బ్రెయిన్)

మా నాయన బాత్రూంలో జారి పడితే తలకి దెబ్బ తగిలింది, తిరుపతిలోనే ఒక సెంటర్‌లో సీటీ తీపించినాం. టెక్నీషియన్ నాయన్ని చాలా జాగ్రత్తగా పడుకోబెట్టినాడు, రిపోర్ట్ కూడా లేట్ చేయలేదు, ఆ విషయంలో వంక పెట్టేదానికి లేదు.

నా బాధంతా చేతికిచ్చేదాని గురించే. పెద్ద కవర్లో 14 బై 17 అంగుళాల ఫిలిం పెట్టి ఇచ్చేస్తారు, సీడీ అడిగితేనే ఇస్తారు, దానికి మళ్ళీ వేరే డబ్బులు. రిపోర్ట్‌లో పుర్రె ఎముక లోపలి పక్కన పల్చగా రక్తం చేరిందని రాసుండారు, న్యూరో డాక్టర్ ఫిలింని లైట్ బాక్స్‌కి పెట్టి చూస్తే ఎముకా తెలుపే రక్తమూ తెలుపే, రెండూ కలిసిపోయి ఒకటే గీత మాదిరి ఉంది. అప్పుడాయన సీడీ కంప్యూటర్‌లో వేసి, మౌస్ నొక్కి పట్టుకుని కొంచెం పక్కకి లాగినాడు, అంతే, ఎముక తెల్లగానే ఉంది, దాన్ని ఆనుకుని బూడిద రంగులో సన్నటి పొర విడిగా తేలింది. డాక్టర్ చదువు చదవని నాకు కూడా క్లియర్‌గా కనిపించింది.

ఆయనే చెప్పినాడు, సీటీలో ప్రతి చుక్కకీ ఒక నంబర్ ఉంటుందంట, గాలికి మైనస్ 1000, నీళ్ళకి 0, గట్టి ఎముకకి 1000 పైన కూడా. మెదడు చూసేదానికి మామూలుగా 0 నుంచి 80 దాకానే నలుపు తెలుపు పంచుతారు, 80 దాటిందంతా ఒకటే తెలుపు, తాజా రక్తం ఆ 80కి దగ్గర్లోనే ఉంటుంది. ఫిలిం మీద అదే అచ్చయిపోయింది, ఇంక మార్చలేం. స్క్రీన్ మీదైతే ఆ హద్దు 200 దాకా పెంచుకోవచ్చు, అదే పక్షవాతం అనుమానమైతే 0-80 కన్నా ఇంకా తక్కువ పరిధిలో చూస్తారు, మొదటి గంటల్లో దెబ్బతిన్న మెదడుకీ బాగున్న మెదడుకీ తేడా అంత సన్నగా ఉంటుంది.

ఫిలిం వద్దనట్లేదు, కంప్యూటర్ లేని చిన్న క్లినిక్‌లో అదే దిక్కు. కానీ డ్రై ఫిలింని (వేడితో అచ్చేసే రకం) ఎండలో నిలబెట్టిన కార్లో వదిలేయొద్దు, వేడికి నల్లబడతాది, మన తిరుపతి ఎండలు తెలుసు కదా. ఫిలింకి ఫోన్‌తో ఫోటో తీసి వేలూరు డాక్టర్‌కి వాట్సాప్ చేయడం అసలొద్దు, ఉన్న వివరం కూడా పోతుంది.

సీడీలో డైకామ్ ఫైళ్ళే (ఆ నంబర్లన్నీ అట్లే ఉండే అసలు స్కాన్ ఫైళ్ళు) ఉండాయా అని కౌంటర్ దగ్గరే అడగండి, జేపీజీ ఫోటోలు ఎక్కించి ఇస్తే ఈ మార్చుకునేది ఏమీ కుదరదు.

స్కాన్‌కి 5 స్టార్లు, మొత్తానికి 3. ఫిలింతో పాటు సీడీ కూడా అడక్కుండానే ఇవ్వండి సార్, మేం కట్టే బిల్లులోనే కలిపేయండి.