బిగుతు బనియన్‌తో రెండున్నరేళ్లు: దీనికి ముందు జిప్పు ఎందుకు లేదు?

ఈ బనియన్‌ని తయారుచేసినవాళ్లలో అరవై దాటినవాడు ఒక్కడు కూడా ఉండి ఉండడు. ఉంటే దీనికి ముందువైపు ఒక జిప్పు పెట్టించేవాడు. బరువు తగ్గాక వదులైన చర్మం ఊగకుండా అదిమిపట్టడానికి దీన్ని రెండున్నరేళ్లుగా వాడుతున్నాను, ఇప్పుడు ఒంటి మీద ఉన్నది నాలుగోది. నచ్చకపోతే నాలుగు కొనను కదా. అయినా సరే, ముందు ఈ జిప్పు గొడవ చెబితే గానీ నా కడుపు మంట చల్లారదు.

గుడ్డ ఎంత సాగుతుంది, ఏయే రంగులున్నాయి లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి, వదిలేస్తున్నాను. నా ఒంటి సంగతి మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి. 61వ ఏట 104 కిలోలు ఉండేవాణ్ణి. మోకాళ్లు మొరాయించాయి, షుగర్ మందులకి లొంగడం మానేసింది. ఇరవై నెలలు తంటాలు పడి 73కి వచ్చాను. 31 కిలోల సరుకు పోయింది గానీ అది మోసిన సంచి మాత్రం ఒంటి మీదే ఉండిపోయింది. బొడ్డు కింద ఒక పెద్ద మడత, నడుముకి అటూ ఇటూ రెండు, ఛాతీ కింద చెరొకటి. అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉన్నాను నా చర్మంలో నేను.

చూడ్డానికి బాగోలేదన్నది నాకు పెద్ద దిగులు కాదు. ఈ వయసులో చొక్కా విప్పి ఎవరికి చూపించాలి? నా బాధంతా అది ఊగడం గురించి. కాస్త జోరుగా నడిస్తే చాలు, బొడ్డు కింది మడత అడుగడుక్కీ పైకి లేచి కింద పడుతుంది. మెట్లు దిగుతుంటే టప్ టప్ మని చప్పుడు కూడా వస్తుంది. ఇది చెబితే విన్నవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. అరగంట నడిచేసరికి ఆ మడత తొడ మొదట్లో ఒరుసుకుని భగ్గున మండేది. ఏ నడక వల్ల సన్నబడ్డానో ఆ నడకే చేతకాకుండా పోయింది.

అలాంటి సమయంలో ఈ బనియన్ తెచ్చుకున్నాను. మొదటి రోజు వేసుకుని బయటికి వెళితే మడత కదల్లేదు. జోరు పెంచాను, అయినా కదల్లేదు. యాభై నిమిషాలు నడిచి ఇంటికొచ్చి చూసుకుంటే ఎక్కడా ఎరుపు లేదు, మంట లేదు. చాలా నెలల తర్వాత ఆ రోజు నా ఒళ్లంతా నాతోపాటే నడిచింది, ఒక ముక్క వెనకబడి రాలేదు. ఆ నెలంతా కనబడ్డవాళ్లందరికీ దీని గురించే చెప్పాను. ఎవరైనా అప్పుడు అడిగి ఉంటే అయిదుకి ఆరు మార్కులు వేసేవాణ్ణి.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం జరిగింది అసలు కథ.

నడక నుంచి వచ్చాను, బనియన్ చెమటకి ముద్దయిపోయింది. ఇది తల మీంచి తీయాల్సిన రకం. పొడిగా ఉన్నప్పుడే కష్టం, తడిస్తే ఈ గుడ్డ జలగలా పట్టుకుంటుంది. చేతులు అడ్డంగా వేసి అంచు పట్టుకుని పైకి లాగాను. అంచు చుట్టుకుంటూ చుట్టుకుంటూ మోకులా తయారై ఛాతీ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి కదలదే. నా కుడి భుజం అంతకు ముందు ఏడాది బిగుసుకుపోయి, ఇప్పటికీ చెవి దాటి పైకి లేవదు. ఎడమ చెయ్యి ఒక్కదానితో గట్టిగా ఒక్క గుంజు గుంజాను. తల లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. రెండు చేతులూ పైన ఇరుక్కున్నాయి. ఆ మోకులో చంక పక్కనున్న వదులు చర్మం కూడా చుట్టుకుపోయి, కదిలినప్పుడల్లా పట్టకారుతో పట్టి లాగినట్టుంది.

మా ఆవిడ పెరట్లో ఉంది. పిలిచాను, గొంతు బనియన్ దాటి వెళ్లలేదు. మంచం ఎటుందో తెలియక బీరువా తలుపుకి తల కొట్టుకున్నాను. అప్పుడు వచ్చాడు మా ఆరేళ్ల మనవడు.

"తాతయ్యా, దెయ్యం ఆటా?"

"కాదు నాన్నా, అమ్మమ్మని పిలు."

వాడు వెంటనే వెళ్లలేదు. ఎదురుగా వేలాడుతున్న నా పొట్ట మడతని చేత్తో రెండుసార్లు ఊపి చూసుకుని, తృప్తిగా నవ్వుకుని, అప్పుడు వెళ్లాడు.

మా ఆవిడ వచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. తనూ పైకి లాగి చూసింది, నేను కేక పెట్టాను. "కత్తెర తేనా అండీ?" అంది. "వద్దు, కొని నాలుగు నెలలు కాలేదు" అన్నాను లోపల్నుంచి. "అయితే ఉండండి" అని ఫ్యాను వేసి, మంచం మీద కూర్చోబెట్టింది. చేతులు పైకెత్తి లొంగిపోయిన దొంగలా పది నిమిషాలు ఆరాను. తర్వాత తనే మోకుని మెల్లగా విప్పుకుంటూ బనియన్‌ని మళ్లీ కిందికి దించేసింది. భుజాల పట్టీలు ఒక్కొక్కటీ పక్కకి జార్చి, మొత్తాన్ని ప్యాంటులాగా కిందికి లాగి, "కాళ్లు ఎత్తండి" అంది. అంతే, ఊడిపోయింది. ఒక్క నిమిషం పట్టలేదు.

అప్పట్నుంచీ వేసుకోవడం, విప్పడం రెండూ కాళ్ల వైపు నుంచే. భుజం నొప్పులున్నవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, పెట్టెలో వచ్చిన కాగితంలో ఎక్కడా రాయలేదు. కాకపోతే ఇలా లాగడం వల్ల పట్టీలు త్వరగా సాగిపోతాయి. పైగా పిరుదుల దగ్గర వెడల్పున్నవాళ్లకి దిగుతుందో లేదో నేను చెప్పలేను, నాకైతే అక్కడ మిగిలింది ఎముకలే.

ఇంత జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? జిప్పున్నది కొంటారు. నేనూ వేరే కంపెనీది, ముందు జిప్పున్నది తెప్పించాను. మూడో రోజునే పైకి లాగుతుంటే పొట్ట మడత అంచు జిప్పు పళ్ల మధ్య పడింది. ఎక్కువ రాయను, రక్తం వచ్చింది. మామూలు ఒంటికి ఆ ఇబ్బంది ఉండదేమో గానీ వదులు చర్మం ఎక్కడ సందు దొరికితే అక్కడికి జారుతుంది. జిప్పు కింద అడ్డంగా గుడ్డ పట్టీ లేకపోతే అది జిప్పు కాదు, కత్తెర. ఆపరేషన్ తర్వాత వేసుకునే రకాల్లో ముందు లోపల హుక్కులు, వాటి మీద జిప్పు ఉంటాయి. అలాంటిదే కావాలి, అయితే అవి మరీ మందం, రోజూ నడకకి వేసుకునేవి కావు. కాబట్టి పైన నేను అంత గట్టిగా తిట్టిన తిట్టుని కొంచెం తగ్గించుకుంటున్నాను. జిప్పు పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఆలోచించి పెట్టాలి, అంతే.

మొదటి నెల పొగడ్తల్లోనూ కొన్ని సవరణలున్నాయి.

ఒకసారి రైలు ప్రయాణంలో పన్నెండు గంటలు విప్పకుండా ఉన్నాను. ఊగకుండా ఉండాలంటే మడతని ఒంటికి అదిమిపెట్టాలి, అదిమితే చర్మానికి చర్మం అంటుకుంటుంది, మధ్యలో చెమట ఆరదు. రెండు రోజులకి మడత లోపల ఎర్రగా పాసిపోయింది, మంట, దురద, వాసన. చర్మం డాక్టరు చూసి ఫంగస్ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది తొందరగా పట్టుకుంటుందట. పూతమందుతో మూడు వారాలకి తగ్గింది. ఇప్పుడు స్నానం కాగానే పడుకుని, మడతని పైకెత్తి, లోపల గాలి తగిలేలా పది నిమిషాలు ఆరబెడతాను. రుద్దను, అద్దుతానంతే. బనియన్ వేసేముందు మడతలో పల్చటి పాత నూలు గుడ్డ ముక్క పెడతాను. నాలుగైదు గంటలు దాటనివ్వను. మొదట్లో నిద్రలో కూడా వేసుకునేవాణ్ణి, అది శుద్ధ తెలివితక్కువ పని.

సైజు దగ్గరా తప్పు చేశాను. బిగుతు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని రెండోది ఒక సైజు చిన్నది కొన్నాను. పొట్ట నొక్కుకుపోయి భోజనం తర్వాత పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట. గుండె జబ్బేమోనని కంగారుపడి పరీక్ష కూడా చేయించుకున్నాను. బనియన్ మానేస్తే మంట మానింది. ఇంకో తిరకాసు, నిలబడి కొలిస్తే నా నడుము 94 సెంటీమీటర్లు, పడుకుని కొలిస్తే 88. నిలబడ్డప్పుడు చర్మమంతా జారి కొలత దగ్గరికే చేరుతుంది. పట్టికలో ఏది చూడాలో ఎవరూ చెప్పరు. నాకు రెండింటికీ మధ్యది సరిపోయింది.

పెట్టె మీద ఇంకో మాట ఉంది, "వాడుతున్నకొద్దీ చర్మం బిగుస్తుంది" అని. బిగవదు. నమ్మి టేపుతో కొలుస్తూ వచ్చాను. బొడ్డు కింది మడత పొడవు మొదటి రోజు 9 సెంటీమీటర్లు, ఇప్పుడు ఎనిమిదిన్నర. ఆ అర సెంటీమీటరు కూడా వ్యాయామం వల్ల లోపల కండ పెరిగి నిండిందేమో. డాక్టరుగారు చెప్పింది విన్నాక ఆశ వదులుకున్నాను. చర్మం సాగి మళ్లీ వెనక్కి రావడానికి ఎలాస్టిన్ అనే పదార్థం కావాలి. అది చాలావరకు చిన్నతనంలోనే తయారవుతుంది, పెద్దయ్యాక పాడైతే కొత్తది సరిగ్గా రాదు. చర్మానికి బలమిచ్చే కొలాజెన్ కూడా ఏడాదికి దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. ముప్పై ఏళ్లవాడు ముప్పై కిలోలు తగ్గితే చర్మం కొంతైనా దగ్గరికి వస్తుంది. అరవై ఏళ్లవాడికి, అందులోనూ ఏళ్ల తరబడి సాగి ఉన్నవాడికి, అది ఆశించకూడదు. బయటి నుంచి గుడ్డ చుట్టి అదిమితే లోపల పోయిన స్ప్రింగు తిరిగి రాదు.

మాటల్లో మాట, కొలాజెన్ క్రీము ఒకటి కూడా రాశాను, ఆరు నెలలు. చర్మం లోంచి తేలిగ్గా లోపలికి వెళ్లాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్లు దాటకూడదంటారు. కొలాజెన్‌ది దాదాపు 3 లక్షలు. సూది బెజ్జంలోంచి గుమ్మడికాయని తోసినట్టు ఆ ఆరు నెలలూ తోశాను. చర్మం మెత్తబడ్డ మాట నిజం, ఏ మామూలు క్రీము రాసినా ఆ మాత్రం మెత్తబడుతుంది.

మన్నిక అంతంతమాత్రం. ఒక్కొక్కటీ ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టు ఉంటుంది, ఆ తర్వాత పేరుకే బనియన్. మొదటిదాన్ని వేడినీళ్లలో ఉతికి అయిదు నెలలకే పోగొట్టుకున్నాను. చన్నీళ్లు, చేత్తో, పిండకుండా, నీడలో.

కొనమంటారా అంటే, మీ బాధ ఏమిటో ముందు చూసుకోండి. అద్దంలో బాగా కనబడాలంటే చొక్కా కింద కొంత పనికొస్తుంది, విప్పగానే అంతా మామూలే. నాలాగా ఊగడం, ఒరుసుకోవడం వల్ల నడక ఆగిపోయినవాళ్లకైతే ఇంతకన్నా మంచి సాయం నాకు ఇంతవరకు దొరకలేదు. షుగర్ ఉంటే మడతల్ని రోజూ చూసుకునే ఓపిక కావాలి. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు, భుజాలు లేవనివాళ్లు తల మీంచి వేసే రకం జోలికి పోవద్దు. చర్మం తీసేయించుకునే ఆపరేషన్ ఉంది, బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాక చేస్తామన్నారు. నడుము ఈ చివర నుంచి ఆ చివర దాకా కోత. నా బరువు నిలకడగానే ఉంది, నా ధైర్యమే లేదు. పదేళ్లు చిన్నవాణ్ణయితే బనియన్ల మీద ఇంత రాసేవాణ్ణి కాదేమో, ఆ ఆపరేషన్ గదిలోకే వెళ్లేవాణ్ణేమో.

నాలుగోది కూడా నడుము దగ్గర వదులవుతోంది. అయిదోది తెప్పించే ముందు, పాతదాన్నొకదాన్ని తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్లాను, ముందు కత్తిరించి లోపల పట్టీ వేసి హుక్కులు కుట్టమని. ఆయన గుడ్డని అటూ ఇటూ లాగి చూసి, "కత్తెర పెడితే అంచు నిలవదండీ, చుట్టుకుపోతుంది" అన్నాడు. పాడైనా పర్వాలేదని ఇచ్చి వచ్చాను. వచ్చే వారం రమ్మన్నాడు.