స్టీరింగ్ లాకా, ట్రాకరా, ఖాళీ సీటా?

పోయిన వేసవిలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాలు ముగించుకుని తాంబూలం సంచితో ఫంక్షన్ హాలు బయటికి వచ్చేసరికి మా కారు వెనక ఎడమవైపు అద్దం లేదు. కారు ఉంది. సీటు మీది లాప్‌టాప్ సంచి మాత్రం మాయం. నిజానికి ఆ రోజు అందులో లాప్‌టాప్ లేదు. పాత ఛార్జరు, మా పాప రంగు పెన్సిళ్లు, సగం తిన్న బిస్కెట్ పొట్లం ఉన్నాయంతే. ఆ సంగతి దొంగకేం తెలుసు? కొత్త అద్దానికి మూడు వేల పైచిలుకు వదిలింది. పటికబెల్లం పలుకుల్లాంటి గాజు ముక్కలు సీటు కుట్లలోంచి దీపావళి దాకా బయటపడుతూనే ఉన్నాయి.

ఆ కారుకు స్టీరింగ్ లాకూ ఉంది, అలారమూ ఉంది. లాకు తన పని తాను చేసింది, బండి కదలలేదు. అలారం మాత్రం కుయ్ మనలేదు. తలుపు తెరిస్తేనో, బానెట్ ఎత్తితేనో మోగే రకం అది. దొంగ తలుపు తెరవనే లేదు. పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి సంచి లాక్కుపోయాడు. కారును ఎత్తుకుపోయే దొంగ వేరు, కారులోది ఎత్తుకుపోయే దొంగ వేరు అని అప్పుడు తలకెక్కింది. మొదటివాడికి కాస్త తీరిక కావాలి, రెండోవాడికి అర నిమిషం చాలు. దుకాణాల్లో అమ్మే సామాను చాలామటుకు మొదటివాడి కోసం చేసిందే. మా బంధువుల్లో, వీధిలో వాళ్ల అనుభవాలు చూస్తే తగులుతున్నది ఎక్కువగా రెండోవాడు.

ముందు బండి సంగతి చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో లాకుల కోసం ఒక దుకాణానికి వెళితే, అక్కడి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న: “కనబడేది కావాలా సార్, కదలనివ్వనిది కావాలా?” బేరమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కనబడేది స్టీరింగ్ లాకు. ఎర్రగానో పసుపుగానో ఉండే ఇనుప కడ్డీ, చక్రానికి అడ్డంగా పడుతుంది. వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతుంది. దీని బలహీనత కడ్డీలో లేదు, స్టీరింగ్ చక్రంలో ఉంది. కడ్డీ ఎంత గట్టిదైనా అది పట్టుకున్న చక్రం మెత్తనిది, రంపంతో కోస్తే లాకు ఊడి వస్తుంది. అయినా పక్క బండికి అది కూడా లేనప్పుడు దొంగ పక్క బండినే చూసుకుంటాడు. అది మనకు చాలు, పక్కవాడికి పాపం.

కదలనివ్వనిది గేర్ లాకు. బండి అడుగుభాగానికి బిగించేస్తారు, మాన్యువల్ బండిలో గేరును రివర్స్‌లో, ఆటోమేటిక్‌లో పార్కింగ్ స్థానంలో బంధిస్తుంది. ఊడదీయడం నిజంగా కష్టం. ఖరీదు ఎక్కువ, బిగించడానికి పనివాడు కావాలి. గేరు కర్ర బదులు గుండ్రటి నాబ్ ఉండే కొత్త బండ్లకు ఇది పనికిరాదు. అసలు చిక్కు ఏమిటంటే బయటినుంచి కనబడదు. దొంగ అద్దం పగలగొట్టి లోపలికి దూరాక గానీ అది ఉందని తెలియదు. బండి మిగులుతుంది, అద్దం మిగలదు. రాత్రిళ్లు వీధిలో పెట్టే బండికైతే నేను రెండూ వేయమంటాను. ఒకటే కొనే స్తోమత ఉంటే కనబడేదే కొనండి. టైరుకు వేసే క్లాంపు బరువు చూశాక రోజూ వేస్తానని ఎవరూ అనరు; నెలల తరబడి ఊరెళ్లేవాళ్లకు అది.

ఇక ట్రాకర్. మా బావగారు దీనికి వీరాభిమాని. “ఫోన్లో చూసుకుంటే బండి ఎక్కడుందో తెలుస్తుంది కదా!” అంటారు. తెలుస్తుంది. కానీ బండి పోయాక. లాకు దొంగకు అడ్డం పడుతుంది, ట్రాకర్ దొంగ వెనక పడుతుంది. ఆ రెంటికీ మధ్య తేడా చిన్నదేమీ కాదు. ట్రాకర్ ఉపగ్రహాల నుంచి తన స్థానం తెలుసుకుని, లోపలున్న సిమ్ ద్వారా మనకు పంపుతుంది. సెల్లార్‌లోకి దింపినా, సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పెట్టినా, సిమ్ రీఛార్జి అయిపోయినా మూగబోతుంది. డ్యాష్‌బోర్డు కింద సాకెట్‌లో గుచ్చే రకం చవక, సులువు, దొంగకు కూడా అంతే సులువు: చేత్తో లాగితే వచ్చేస్తుంది. కొంటే వైరింగ్‌లో దాచి బిగించేది, సొంత బ్యాటరీ ఉన్నది కొనాలి. ఫోను నుంచి ఇంజిన్ ఆపే సదుపాయం ఉందని కూడా అమ్ముతారు. అనుభవం లేని చేతులు బండి వైర్లు కోస్తే వారంటీ గొడవ వస్తుంది. పరుగెడుతున్న బండిని హైవే మీద ఆపడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

తాళం జేబులో ఉంటే చాలు, మీట నొక్కితే స్టార్టయ్యే బండ్లది మరో కథ. ఇంటి గుమ్మం పక్క కొక్కేనికి తాళం వేలాడుతుంటుంది, గోడ అవతలే కారు. ఒక దొంగ గోడ దగ్గర, మరొకడు కారు దగ్గర పరికరాలు పట్టుకుని తాళం సంకేతాన్ని అందించుకుంటే, తాళం పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. దీనికి విరుగుడు సంకేతం బయటికి పోనివ్వని సంచి, కొన్ని వందలకు వస్తుంది. మా ఇంట్లో ముందు స్టీలు డబ్బాతో ప్రయత్నించాను. మూత బిగుతుగా పడినప్పుడు కారు తెరుచుకోలేదు, కాస్త వదులుగా ఉంటే తెరుచుకుంది. సంచి కొన్నా సరే, తాళం అందులో వేసుకుని కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగి చూడండి. తెరుచుకుంటే ఆ సంచి తాంబూలానికి పనికొస్తుంది. నాకు వింతగా తోచినది ఇంకొకటుంది: ఇంత ఎలక్ట్రానిక్ మాయ చేసి ఇంజిన్ స్టార్ట్ చేసినా, ఎదురుగా ఎర్ర కడ్డీ ఉంటే స్టీరింగ్ తిరగదు. కొత్త బండికి కూడా పాత ఇనుమే కాపలా.

రెండో దొంగ దగ్గరికి వస్తే ఇనుము, సిమ్ ఏవీ పనికిరావు. పక్క అద్దాలు పగిలితే నలుసులుగా రాలిపోయే రకం, ముందు అద్దంలా పొర వేసి అతికించినవి కావు. నల్ల ఫిల్మ్ వేస్తే లోపలిది కనబడదు కదా అంటారు. నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. పైగా నల్లటి అద్దం వెనక ఏదో దాచారన్న ఆశ కూడా పుడుతుంది. కారులో బిగించే కెమెరా, అంటే డ్యాష్‌కామ్ సంగతి ఒక్క ముక్కలో: మాస్కు వేసుకున్న ముఖాన్ని చక్కగా చిత్రీకరిస్తుంది.

కాబట్టి పోటీ ఖాళీ సీటుకూ, డిక్కీకీ మధ్య. ఖాళీ సీటే మేలు అంటాను, డిక్కీ రెండో స్థానం, అదీ షరతు మీద. సామాను డిక్కీలో ఇంటి దగ్గరే సర్దాలి. గమ్యం చేరాక, పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా సంచి తీసి డిక్కీలో పెట్టడమంటే అదెక్కడుందో వేలు పెట్టి చూపించడమే. మనం ఎంతసేపు రామో దొంగకు ముందే తెలిసే చోట్లు ఉంటాయి. విశాఖ బీచ్‌లో నీళ్లలోకి దిగేవాళ్లు ఫోన్లు, పర్సులు కారులోనే వదులుతారు. తిరుమల ఆలయంలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు కనుక క్యూలోకి వెళ్లేముందు కారు సీటు కింద దాచేవాళ్లున్నారు. దేవస్థానం వాళ్లు ఫోన్లు, లగేజీ భద్రపరిచే కౌంటర్లు పెట్టారు. అక్కడ వరుసలో నిలబడటం విసుగే, అయినా సీటు కింద కన్నా ఆ కౌంటరే నయం.

బ్యాంకు నుంచి డబ్బు తెచ్చుకునే రోజు దొంగ అద్దం కూడా పగలగొట్టడు. “సార్, టైరులో గాలి పోయింది”, “కింద మీ నోట్లు పడ్డాయి” అని పలకరిస్తాడు. మీరు దిగి వంగి చూసేలోపు అవతలి తలుపు తెరుచుకుంటుంది. దిగాల్సివస్తే సంచి భుజానికి, తాళం చేతికి, తలుపులన్నీ లాక్.

బీమా కూడా ఒక రక్షణే అనుకునేవాళ్లు పాలసీ ఒకసారి తీసి చూసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే బండి పోయినా పైసా రాదు. సమగ్ర పాలసీలో అప్పటికి లెక్కగట్టిన విలువ వస్తుంది: కొత్త ధర 10 లక్షలైతే, మూడో ఏడు నడుస్తున్న బండికి 30 శాతం తరుగు పోను 7 లక్షలు. కొన్న ధరే కావాలంటే ఇన్వాయిస్ ధర ఇచ్చే అదనపు కవర్ తీసుకోవాలి. కారులోని లాప్‌టాప్ మామూలు పాలసీలోకి రాదు. వ్యక్తిగత వస్తువుల కవర్ విడిగా ఉంటుంది గానీ నగదు, నగలకు అది సాధారణంగా వర్తించదు. నా అద్దానికి నేను క్లెయిమే చేయలేదు. మూడు వేల కోసం వెళితే, క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ఆ రాయితీ ఐదేళ్లు నిలుపుకున్నవాళ్లకు 50 శాతం దాకా ఉంటుంది.

బండే పోతే ముందు పోలీసు స్టేషన్‌కు, ఆ వెంటనే బీమా కంపెనీకి. పోలీసులకు సకాలంలో ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కంపెనీ బండి తాళంచెవులు రెండూ అడుగుతుంది. రెండోదాన్ని గ్లవ్ బాక్స్‌లో పెట్టి తిరిగేవాళ్లు దొంగకు బండి, కంపెనీకి సాకు రెండూ ఇస్తున్నట్టే. అసలు ఆర్‌సీ కూడా అందులో ఉండనక్కర్లేదు, డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది.

ఇదంతా రాస్తూ, ఆయన పక్షానికి అన్యాయం చేయకూడదని మా బావగారికి ఫోన్ చేశాను. ట్రాకర్‌లో ఇప్పుడు బండి ఎక్కడ చూపిస్తోందో చెప్పమన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత అక్కయ్యతో గట్టిగా అంటున్న మాట వినబడింది: “దీని రీఛార్జి ఎప్పుడు అయిపోయింది?”