పోర్టబుల్ మ్యూజిక్ రికార్డర్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ముందు నేను వాడేదేంటో చెప్తా. చేతిలో పట్టే సైజు, నెత్తి మీద రెండు మైకులు ఎక్స్‌వై పద్ధతిలో అడ్డంగా ఉంటాయి, కింద బయటి మైకులు పెట్టుకునే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ జాకులు (మూడు పిన్నులవి), పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. మోడల్ పేరు రాయట్లేదు, అది ఇప్పుడు కొత్తది దొరకదు, పైగా నేను చెప్పే మంచీచెడ్డా ఈ రకం మెషీన్లు చాలావాటికి వర్తిస్తుంది. రిహార్సల్స్, చిన్న కచేరీలు, వయొలిన్ సాధన, అప్పుడప్పుడు మిక్సర్ నుంచి లైన్ (వైరుతో నేరుగా సౌండ్) తీసుకోవడం, ఇవీ దీనికి నేను పెట్టిన పనులు.

కొనేవాళ్లు ముందు అడిగేది శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకి సౌండ్‌ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందన్నది, 96 కిలోహెర్ట్జ్ ఉందా 192 ఉందా అని. నా చెవులకి మాత్రం 48కీ 96కీ తేడా ఎప్పుడూ తెలీలేదు, తెలుస్తుందనేవాళ్లతో గొడవా పెట్టుకోను. తేడా తెలిసేది కార్డుకి. 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైల్ గంటకి దాదాపు 1 జీబీ తింటుంది, 96 పెడితే 2 జీబీ, 192 అయితే 4 దాటుతుంది. చాలా రికార్డర్లు 2 జీబీ దగ్గర ఫైల్ ముక్క చేసి కొత్తది మొదలుపెడతాయి, అంటే 96 మీద సుమారు గంటకో ముక్క, ఆ అతుకు సరిగ్గా ఆలాపన మధ్యలో పడితే ఎడిటింగ్‌లో కూర్చుని కలుపుకోవాలి. బిట్ (ఒక్కో కొలతని ఎంత సూక్ష్మంగా రాస్తుందన్నది) సంగతి వేరు, 16 వదిలేసి 24 పెట్టుకోవాల్సిందే, ఎందుకంటే అప్పుడు లెవెల్ భయపడకుండా తక్కువలో ఉంచుకోవచ్చు, పీక్స్ (సౌండ్ బాగా ఎగిరే చోట్లు) మీటర్‌లో మైనస్ 12, అంటే గరిష్ఠానికి 12 డీబీ కింద ఆగినా తర్వాత పెంచుకుంటే ఏమీ పోదు.

అసలు చూడాల్సింది ప్రీ-యాంప్, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం. బాక్స్ మీద దీని గురించి ఒక్క ముక్క రాయరు. పాడే మనిషి అడుగు దూరంలో ఉంటే ఏ రికార్డరైనా బాగానే ఉన్నట్టుంటుంది, డ్రమ్స్ ముందు పెట్టినా అంతే. దీని గుట్టు బయటపడేది మెల్లటి వాయిద్యం దగ్గర. తంబూరా ఒక్కటే మోగుతూ గాయకుడు ఇంకా నోరు తెరవని ఆ కొన్ని క్షణాలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, వెనకాల సన్నగా 'స్‌స్‌స్' అని వస్తుంటుంది. నా దాంట్లో గెయిన్ (ఆ పెంచే మోతాదు) ముప్పావు దాటిస్తే వస్తుంది. వయొలిన్‌కి ఎనిమిదడుగుల దూరంలో పెడితే ముప్పావు దాటించక తప్పదు. స్పెసిఫికేషన్ షీట్‌లో ఈ హిస్ ఎంతన్నది ఇన్‌పుట్ నాయిస్, ఈఐఎన్ అనే పేరుతో ఉంటుంది, మైనస్ 120 డీబీయూ లేదా ఇంకా కింద ఉంటే మంచిది. అది అసలు రాయలేదంటే అనుమానించండి. ఇంకో తిరకాసు, ఈ అంకె ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌కి చెప్పేది, పైన ఉండే మైకుల సొంత హిస్ వేరే, చిన్న మైకుల్లో అది ఇంకా ఎక్కువ. కొనేముందు చేతికి దొరికితే సైలెంట్ గదిలో గెయిన్ మీరు వాడే చోట పెట్టి ఒక్క నిమిషం రికార్డ్ చేసి వినండి చాలు, పేజీలకి పేజీలు రివ్యూలు చదవక్కర్లేదు.

రెండోది గెయిన్ నాబ్. నిజంగా తిప్పే నాబ్, మెనూలో దాక్కుని ఉండేది కాదు. కచేరీలో మృదంగం వాళ్లు సౌండ్‌చెక్‌లో వాయించినట్టు తని ఆవర్తనంలో (మృదంగం సోలోలో) వాయించరు, లెవెల్ ఎగిరిపోతుంది, అప్పుడు చీకట్లో ప్లస్ మైనస్ బటన్ టిక్కు టిక్కుమని నొక్కుతూ ఉంటే ఆ టిక్కులన్నీ రికార్డింగ్‌లో పడతాయి. నా దాంట్లో బటన్లే. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు దీని మీద ఉన్న పెద్ద కంప్లైంట్ ఇదే. 2007లో వచ్చిన సోనీ పీసీఎం-డీ50 రికార్డర్‌కి ఆ కాలంలోనే చక్కగా వేలితో తిప్పే డయల్ ఉంది, దాని లిమిటర్ (లెవెల్ మించితే అదుపు చేసేది) కూడా తెలివైనది, అదే సౌండ్‌ని 20 డీబీ తక్కువలో ఇంకో కాపీ పక్కన ఉంచుకుని, ఎక్కడ సౌండ్ లెవెల్ మించి పగిలిందో అక్కడ ఆ తక్కువ కాపీ తెచ్చి వేసేది. ఇప్పుడు అందరూ మోజుపడుతున్న 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో చాలావాటి లోపల కూడా ఒక్కో ఛానెల్‌కి ఎక్కువ గెయిన్‌ది ఒకటి తక్కువ గెయిన్‌ది ఒకటి కన్వర్టర్లు (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేవి) పెట్టి కలుపుతారు, ఆలోచన దానికి చుట్టమే.

ఆ 32 బిట్ ఫ్లోట్ సంగతి కూడా కాస్త చెప్పాలి. 2019లో జూమ్ కంపెనీ ఎఫ్6 రికార్డర్‌లో వచ్చింది, 2024కి వాళ్ల చిన్న హెచ్1 ఎసెన్షియల్ దాకా దిగింది. లెవెల్ పెట్టే పనే లేదు, కంప్యూటర్‌లో తర్వాత దించుకోవచ్చు పెంచుకోవచ్చు. ఫ్రెండ్ దగ్గరున్నది తెచ్చి రిహార్సల్స్‌లో వాడి చూశా, నిజంగానే హాయి. కానీ జనం అనుకున్నట్టు మాయేం కాదు. మైకు క్యాప్స్యూలే (సౌండ్ పట్టే లోపలి భాగమే) తట్టుకోలేనంత సౌండ్ వస్తే అది మైకులోనే పగులుతుంది, ఏ ఫ్లోటూ కాపాడదు. మైకు హిస్ కూడా ఎక్కడికీ పోదు, లెవెల్ పెంచినప్పుడు దాంతోపాటే పెరుగుతుంది. ఫైల్ 24 బిట్ కంటే మూడోవంతు ఎక్కువ.

మిక్సర్ నుంచి లైన్ తీసుకునేవాళ్లు ఒకటి గమనించండి. మీటర్ మైనస్ 6 చూపిస్తున్నా సౌండ్ చిరిగిపోయి వస్తే, వేవ్‌ఫామ్ జూమ్ చేసి చూస్తే కొండలన్నీ గొడ్డలితో నరికినట్టు చదునుగా ఉంటాయి. లైన్ సిగ్నల్ మైక్ ప్రీ-యాంప్‌లోకి పోయి అక్కడే పగిలింది, మీటర్ దాని తర్వాత ఉంది కాబట్టి దానికేం తెలీదు. గెయిన్ అడుగుకి తెస్తే గానీ లెవెల్ కుదరట్లేదంటే అదే గుర్తు. లైన్-ఇన్ విడిగా ఉండాలి, లేదా లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉండాలి, కొనేటప్పుడు ఇది తప్పకుండా అడగండి.

ఆటో గెయిన్ (లెవెల్ తనంతట తనే మార్చేది) ఉంటే ఆపేయండి, సంగీతానికి అది శత్రువు. పల్లవి మెల్లగా మొదలైతే పైకి లాగుతుంది, గొంతు ఎత్తగానే తొక్కేస్తుంది, మధ్యలో నిశ్శబ్దం వస్తే హిస్‌ని కూడా పట్టుకుని పైకి లేపుతుంది. ఇంటర్వ్యూలకి సరే.

మైకుల అమరిక మీద వాదనలు చాలా చదివా. ఎక్స్‌వై అయితే రెండు మైకులూ ఒకే చోట ఉండి వేర్వేరు వైపులకి చూస్తాయి, మధ్యలో ఉన్న మనిషి స్పష్టంగా వస్తాడు, మోనోలో విన్నా చెడదు. విడివిడిగా దూరంగా పెట్టే ఏబీలో గది పెద్దగా వినిపిస్తుంది. టాస్కామ్ డీఆర్-40లో మైకులు తిప్పి రెండు రకాలుగానూ పెట్టుకోవచ్చు. నాకు అంతకన్నా ముఖ్యం అనిపించింది మైకు అన్ని దిక్కులా వినే ఓమ్నీనా, ఎక్కువగా ఎదురుగా ఉన్నదే వినే కార్డియాయిడా అన్నది. కార్డియాయిడ్‌ని దూరం పెడితే బేస్ సౌండ్ పలచబడుతుంది, మృదంగం ఎడమవైపు గుమ్కీ సగమే వస్తుంది. ఓమ్నీలో నిండుగా వస్తుంది, గాలి గోల, చేతి గోల కూడా తక్కువ, కాకపోతే వెనకాల దగ్గేవాళ్లందరూ వస్తారు. నా దాంట్లో ఉన్నవి కార్డియాయిడ్‌వి, అందుకే మృదంగం ఉంటే ఇప్పుడు బయటి ఓమ్నీ మైకులు ఎక్స్‌ఎల్‌ఆర్‌కి పెట్టుకుంటా. వాటికి 48 వోల్ట్‌ల ఫాంటమ్ (రికార్డరే మైకులకి ఇచ్చే కరెంటు) ఆన్ చేస్తే సెల్స్ కళ్లముందే దిగిపోతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

సెల్స్ అంటే గుర్తొచ్చింది. రీచార్జబుల్ నికెల్ సెల్స్ 1.2 వోల్ట్‌లే, మామూలు ఆల్కలైన్ 1.5. మెనూలో సెల్ రకం మార్చకపోతే బ్యాటరీ గుర్తు అబద్ధం చెప్తుంది. రికార్డింగ్ నడుస్తుండగా పవర్ పోతే కొన్ని మెషీన్లలో ఫైల్ మూసుకోక సున్నా బైట్లు చూపిస్తుంది, డేటా కార్డులో ఉంటుంది గానీ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాలి. లోపలే బ్యాటరీ బిగించేసిన మోడల్స్ నాకు నచ్చవు, ఆ బ్యాటరీ ముసలిదైతే మెషీన్ కూడా అయిపోయినట్టే. పవర్‌బ్యాంక్ పెట్టుకోవచ్చంటారు, నిజమే, కొన్నింటితో మాత్రం సన్నగా 'కీ' అని సౌండ్ కలుస్తుంది, ముందే విని చూసుకోవాలి.

రికార్డ్ బటన్ గురించి తప్పక చెప్పాలి. చాలావాటిలో ఒకసారి నొక్కితే రెడీ అవుతుందంతే, ఎర్ర లైట్ మినుకుమినుకుమంటుంది, మీటర్లు ఆడుతుంటాయి, చూసేవాళ్లకి రికార్డవుతున్నట్టే ఉంటుంది, రెండోసారి నొక్కితేనే మొదలు. మా బృందంలో ఒకాయనకి అప్పజెప్పి నేను వాయించడానికి కూర్చున్న రోజు మొదటి సగం ఇలాగే గాల్లో కలిసింది. పాపం ఆయన తప్పేం లేదు, ఎర్ర లైట్ వెలుగుతోంది కదా మరి. అప్పట్నుంచి ఎవరికిచ్చినా లైట్ కాదు, టైమ్ కౌంటర్ కదుల్తోందో లేదో చూడమని చెప్తా.

బాడీ సంగతి: పైన పూసిన రబ్బరు కోటింగ్ కొన్నేళ్లకి జిగటగా తయారైంది, ముట్టుకుంటే వేళ్లకి అంటుకునేది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ పెట్టి రుద్ది రుద్ది తీసేశా, ఇప్పుడు వట్టి ప్లాస్టిక్‌లా ఉంది, అదే నయం. చేత్తో పట్టుకుని మాత్రం రికార్డ్ చేయొద్దు, వేలు కాస్త జరిగినా గరగరమంటుంది, టేబుల్ మీద పెడితే డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అడుగున ట్రైపాడ్ మర ఉందో లేదో చూసుకోండి, స్టాండ్ మీద మనిషి తల ఎత్తులో పెడితే అదే మెషీన్ వేరేలా పలుకుతుంది.

నాది ఇంకా నడుస్తోంది, హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే వదులైంది. ఇప్పుడు కొత్తది కొనాల్సొస్తే, ఒక్కరే సాధన రికార్డ్ చేసుకునే పనికైతే ఓమ్నీ మైకులున్న చిన్నది, ఎక్స్‌ఎల్‌ఆర్ లేకపోయినా పర్లేదు. బృందానికైతే నాలుగు ట్రాకులు, విడిగా లైన్-ఇన్, తిప్పే నాబ్. నాబ్ లేదంటే 32 బిట్ ఫ్లోటైనా ఉండాలి, రెండూ లేనిది ఊరికే ఇచ్చినా నాకొద్దు.